టార్కటాలో దిగినవాడు

దాక్కోవాలనుకున్నవాడు అడవిలోకైనా పోవాలి, జనం కిటకిటలాడే ఊళ్లోకైనా పోవాలి. దేశంలోని రెండు మహానగరాలను కలిపే రోడ్డు మధ్యలో, అదీ బాత్రూము కోసం ప్రతి కారూ ఆగే చోట, ఎవడైనా దాక్కుంటాడా? ఫుర్కాన్ దాక్కున్నాడు. ఇంజనీరింగు చదివినవాడు, లెక్కల్లో క్లాసు ఫస్టు. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లికి లెక్కలు రావని ఎవరన్నారు?

అతని లెక్క ఇది. ఆస్ట్రేలియాలో తెలుగువాళ్లు అయితే సిడ్నీలో ఉంటారు, కాకపోతే మెల్బోర్న్‌లో ఉంటారు. రెంటికీ మధ్య హ్యూమ్ హైవే. ఆ దారిలో గోల్‌బర్న్, యాస్, గండగై, టార్కటా, హోల్‌బ్రూక్, ఆల్బరీ అని ఊళ్లు వస్తాయి. వాటి మధ్య మనుషుల కంటే గొర్రెలు ఎక్కువ. ఇంచుమించు సగం దారిలో ఉండే టార్కటాలో దారిపక్క హోటల్ లాంటి ఒక రోడ్‌హౌస్ వంటింట్లో పనికి కుదిరితే ఈ జన్మకి తెలుగు మాట వినపడదనుకున్నాడు. సిడ్నీ దగ్గర కొండ మీద ఉన్న వెంకటేశ్వరస్వామి మొక్కుల కోసం మెల్బోర్న్ వాళ్లు వస్తారనీ, మెల్బోర్న్‌లో చదివే పిల్లల్ని చూడటానికి సిడ్నీ వాళ్లు వెళ్తారనీ, ఉద్యోగాలు ఊడినవాళ్లు పెట్టెలు పట్టుకుని రెండు వైపులా తిరుగుతూనే ఉంటారనీ, వీళ్లందరికీ ఉన్నది ఆ ఒక్క రోడ్డేననీ అతనికి తట్టలేదు.

పైగా అది లారీల రోడ్డు. సిడ్నీ నుంచి సరుకుతో వచ్చిన డ్రైవరూ మెల్బోర్న్ నుంచి వచ్చిన డ్రైవరూ టార్కటాలో ఆగి, ట్రెయిలర్లు మార్చుకుని, టీ తాగి ఎవరి ఊరికి వాళ్లు తిరిగిపోతారు. సరుకు ముందుకు పోతుంది, మనిషి ఇల్లు చేరుకుంటాడు. మంచి ఏర్పాటు. ఇల్లు చేరనిది ఫుర్కాన్ ఒక్కడే.

అతనిది చీరాల. తండ్రికి బట్టల కొట్టు. రెండు వేల సంవత్సరం రాగానే లోకంలోని కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని అందరూ వణికిన రోజుల్లో అమీర్‌పేటలో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకుని, శాశ్వతంగా ఉండేందుకు పీఆర్ తెచ్చుకుని సిడ్నీలో దిగాడు. ఆ భయమే అతనికి అన్నం పెట్టింది. తీరా ఆ సంవత్సరం వచ్చింది, భయపడినట్టు ఏమీ జరగలేదు. జరగకపోవడం తన పనితనమేనని అతను గర్వపడుతుండగానే ఇక పని లేదని పంపించేశారు. ఆ తర్వాత కొత్త కంపెనీలు కూడా ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. మెల్బోర్న్‌లో ఒక ఇంటర్వ్యూ ఉందంటే బస్సులో వెళ్లాడు. అక్కడ అతన్ని పది నిమిషాలు కూడా కూర్చోబెట్టలేదు. తిరుగు ప్రయాణంలో బస్సు టార్కటాలో భోజనానికి ఆగింది. రోడ్‌హౌస్ అద్దం మీద పనివాళ్లు కావాలన్న కాగితం చూశాడు. సిడ్నీకి ఏ మొహంతో పోవాలో తెలియక సంచీ తీసుకుని దిగిపోయాడు.

ఏ మొహంతో అంటే, విద్యావతి ఆంటీ ముందుకి ఏ మొహంతో అని.

విద్యావతిది తెనాలి. ఆమె భర్త రామ్మోహన్ ఇరవయ్యేళ్లుగా సిడ్నీలో డాక్టరు, కెల్లీవిల్‌లో సొంతిల్లు. కొత్తగా వచ్చిన తెలుగు కుర్రాళ్లకి ఆదివారం ఆ ఇంట్లోనే భోజనం. చీరాల అబ్బాయని తెలియగానే ఫుర్కాన్ ఆమెకి సొంతమైపోయాడు. ఆ ఇంట్లో ఉల్లిపాయ గడప దాటదు. అలాంటిది, ఉల్లిపాయ లేని గోంగూర గోంగూరే కాదని ఇతను ఒకసారి నోరు జారితే, ఆమె పెరట్లో గ్యాస్ పొయ్యి పెట్టి, ఇతని కోసం విడిగా ఉల్లిపాయలేసిన గోంగూర చేసి నీలం మూత డబ్బాలో పెట్టి ఇచ్చేది. భోజనాల దగ్గర అందరికీ ఒక గరిటె పడితే ఫుర్కాన్‌కి ఇంకో గరిటె పడేది. "మావాడు కంప్యూటర్లు ఆగిపోకుండా కాపలా కాస్తున్నాడు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

ఆ భోజనాల బల్ల దగ్గరే ఒకనాడు, టాక్సీ నడుపుతున్న ఓ ఇంజనీరు సంగతి వచ్చింది. ఫుర్కాన్ ముద్ద కలుపుతూ, "చదువుకున్నోడు టాక్సీ తోలడమేంటాంటీ, సిగ్గుండక్కర్లా?" అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది. టార్కటాలో మొదటిసారి యాప్రన్ కట్టుకున్నప్పుడు ఆ మాటే తిరిగొచ్చి అతని గూబ గుయ్యిమనిపించింది. ఆమెకి ఫోన్ చేయలేదు. చీరాలకి మాత్రం ఫోన్ కార్డు గీకి, ఆఫీసులో పని ఎక్కువగా ఉందని చెప్పేవాడు.

యజమాని కెవిన్ మంచివాడే. ఫుర్కాన్ అన్న పేరుకి నోరు తిప్పే ఓపిక లేక 'ఫ్రాంక్' అని బిళ్ల చేయించి ఇచ్చాడు. అదీ మంచిదే అనుకున్నాడు ఇతను. ఫ్రాంక్‌కి ఎన్ని గిన్నెలు తోమినా పరువు పోదు.

అయితే కెవిన్‌కి ఒక పట్టుదల ఉంది. బయటి నుంచి తెచ్చుకున్న తిండి తన టేబుళ్ల మీద తినకూడదు. గోడ మీద బోర్డు కూడా ఉంది. పనివాళ్ల ఇంటివాళ్లకి మాత్రం ఆ నియమం లేదు. కౌంటర్ దగ్గర పనిచేసే లీసా వాళ్ల అమ్మ వారానికోసారి కేకు తెచ్చుకుని కూర్చుని, కోసి అందరికీ పంచిపెట్టి పోతుంది. మనవాళ్ల సంగతి తెలిసిందే. స్వర్గానికి పోతున్నా పులిహోర కట్టుకునే పోతారు. బోర్డు చదవక కాదు, అది తమ కోసం కాదనుకుంటారు. తెల్లారే కలిపిన పులిహోర, పెరుగన్నం డబ్బాలు దించి టేబుల్ నిండా పరిచేస్తారు. అప్పుడు కెవిన్ వంటింట్లోకి తొంగిచూసి, "ఫ్రాంక్, మీవాళ్లేనా?" అంటాడు. "కాదు" అని ఫుర్కాన్ వెళ్తాడు. ఇంగ్లీషులో మర్యాదగా చెప్పి లేపేస్తాడు. "మొహం చూస్తే మనోడిలాగే ఉన్నాడు, బుద్ధి మాత్రం దొరబుద్ధి" అని ఒక పెద్దాయన తెలుగులో అంటే, అర్థం కానట్టు 'సారీ సర్' అని లోపలికొచ్చి పెనం అరిగేలా తోమాడు. కాదు అనడం మొదట కష్టంగా ఉండేది. రానురాను అలవాటైంది.

రెండువేల ఒకటిలో, గుడ్ ఫ్రైడే నాటి మధ్యాహ్నం. సెలవులకి సిడ్నీ అంతా రోడ్డు మీదే ఉన్నట్టుంది. వంటింట్లో ఫుర్కాన్ నూనెలో చేపముక్కలు వేస్తున్నాడు. వేయించిన చేప వాసనని తోసుకుంటూ ఇంగువ పోపు వాసన వచ్చింది. ఎవరో పులిహోర మూత తీశారు. అలవాటుగా తలుపుకున్న గుండ్రటి అద్దంలోంచి చూశాడు.

కిటికీ పక్క టేబుల్ దగ్గర రామ్మోహన్ అంకుల్ పేపర్ ప్లేట్లు సర్దుతున్నాడు. కొడుకు భార్గవ్ చెవుల్లో పాటలు పెట్టుకుని కూర్చున్నాడు. విద్యావతి ఆంటీ సంచీలోంచి ఒక్కొక్క డబ్బా తీస్తోంది. జుట్టు కాస్త నెరిసింది. ఎప్పటిలాగే చీర మీద స్వెట్టర్.

ఫుర్కాన్ పక్కకి తప్పుకుని గోడకి అంటుకుపోయాడు. అప్పుడే కెవిన్ లోపలికి తల పెట్టాడు. వెనక లీసా ప్లేట్ల కోసం నిలబడి ఉంది.

"ఫ్రాంక్, మీవాళ్లేనా?"

రోజూ అడిగే ప్రశ్నే. ఒక్క 'అవును' అంటే చాలు. కెవిన్ వాళ్లకి ఊరికే టీ కూడా ఇచ్చి ఉండేవాడు. కానీ అవునంటే బయటికి వెళ్లాలి. ఈ యాప్రన్‌తో, జుట్టు రాలకుండా తల మీద పెట్టిన ఈ వలతో, గుండె మీద ఈ బిళ్లతో ఆమె ముందు నిలబడాలి. "మావాడు కంప్యూటర్లు..." అని ఆమె అక్కడ కూడా మొదలుపెడితే?

"కాదు" అన్నాడు ఫుర్కాన్. "ఎవరో నాకు తెలీదు. చేప మాడిపోతుంది, లీసాని పంపించు."

లీసా చెడ్డపిల్ల కాదు. కాకపోతే పరాయి మొహం కనబడితే చెవుడనుకుని, మాటకీ మాటకీ మధ్య ఆగి, గట్టిగా మాట్లాడుతుంది. ఆమె గొంతు వంటింట్లోకి స్పష్టంగా వినిపించింది. "మీ తిండి. ఇక్కడ. తినకూడదు. బోర్డు. చదవడం. వచ్చా?"

చూడకూడదనుకుంటూనే చూశాడు. చుట్టుపక్కల టేబుళ్ల వాళ్లు తినడం ఆపి తలలు తిప్పారు. రామ్మోహన్ అంకుల్ లేచి, "సారీ, సారీ, వుయ్ డింట్ నో" అంటున్నాడు. ఎందరో రోగులకి ధైర్యం చెప్పిన మనిషి స్కూలు పిల్లాడిలా తడబడుతున్నాడు. "మమ్, ఐ టోల్డ్ యూ" అని భార్గవ్ ఎర్రబడ్డ మొహంతో కారు వైపు వెళ్లిపోయాడు. విద్యావతి చేతిలో పులిహోర ప్లేటు అలాగే ఉంది. తిరిగి డబ్బాలోకి వంచబోతే కొంచెం కింద ఒలికింది. ఆమె వంగి, ఒక్కొక్క మెతుకూ ఏరింది. తర్వాత స్వెట్టర్ కింది నుంచి చీరకొంగు బయటికి లాక్కుని, దాంతోనే టేబుల్ తుడిచింది. తమని లేవగొట్టిన టేబుల్‌ని శుభ్రంగా తుడిచి మరీ వెళ్లింది.

ఫుర్కాన్‌కి తల కొట్టేసినట్టయింది. వెళ్లాలి, ఇప్పటికైనా వెళ్లాలి అనుకున్నాడు. అనుకుంటూ నిలబడ్డాడు. బయట కారు తలుపులు పడిన చప్పుడు వినిపించాక కాళ్లకి కదలిక వచ్చింది. అలాంటి కాళ్లుంటే ఎంత, లేకుంటే ఎంత?

టేబుల్ దగ్గరికి వెళ్లాడు. కంగారులో బల్ల పక్కకి జారి ఒక డబ్బా ఉండిపోయింది. నీలం మూత. మూత తీయకుండానే తెలిసిపోయింది, అయినా తీశాడు. ఉల్లిపాయలేసిన గోంగూర. ఆ ఇంట్లో అది తినేవాళ్లు లేరు. అది ఒక్కడి కోసమే చేస్తుంది.

అంటే ఆంటీకి తెలుసు! తను ఇక్కడున్నానని ఎవరో చెప్పారు. అందుకే ఇక్కడ ఆగింది. బయటికొస్తాడేమోనని చూసి, రాకపోతే డబ్బా వదిలి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఫుర్కాన్ గిన్నెల తొట్టి మీదికి వంగి ఏడ్చాడు. సిగ్గుతోనే ఏడ్చాడు గానీ, అందులో కొంచెం హాయి కూడా ఉంది. క్షమించేసిందిలే అనుకున్నాడు.

ఆ గోంగూర రెండు రోజులు తిన్నాడు. డబ్బా అడుగంటా ఊడ్చి తిన్నాడు. ఆదివారం డబ్బా తోమి ఆరబెట్టాడు. ఎవరింటి గిన్నె వాళ్లకి ఖాళీగా ఇవ్వకూడదని చీరాలలో వాళ్లమ్మ చక్కెరైనా పోసి పంపేది. వెళ్లినవాళ్లు తిరిగి ఈ రోడ్డునే రావాలి. వేరే దారి లేదు. సెలవులు సోమవారంతో సరి. రోడ్‌హౌస్ పెనం మీద పందిమాంసం వేగుతుంది కాబట్టి, వెనక తను ఉండే కారవాన్‌లో తన సొంత మూకుట్లో, ఉల్లిపాయ తగలకుండా బంగాళాదుంప వేపుడు చేశాడు. డబ్బా నిండా పెట్టాడు.

ఆ రోజుల్లో హైవే టార్కటా ఊరి నడుమ నుంచే పోయేది, కార్లన్నీ నెమ్మదిగా వెళ్లాల్సిందే. అయినా అంత జరిగాక వాళ్లు ఇక్కడ మళ్లీ ఆగుతారా? అందుకని సోమవారం మధ్యాహ్నం ఫుర్కాన్ యాప్రన్‌తోనే రోడ్డు పక్కకొచ్చి నిలబడ్డాడు. విప్పేద్దామా అనుకుని, విప్పలేదు. లారీల గాలికి అది ఎగురుతూ ఉంది. చాలాసేపటికి, అద్దం దగ్గర చిన్న వినాయకుడున్న రామ్మోహన్ అంకుల్ తెల్ల క్యామ్రీ కారు కనబడింది. చెయ్యెత్తి ఊపాడు.

ఎవరికో ప్రమాదం జరిగిందనుకుని రామ్మోహన్ కారు పక్కకి తీశాడు. అద్దం దించిన విద్యావతి ఒక క్షణం గుర్తుపట్టలేదు. పట్టగానే తలుపు తోసుకుని దిగింది.

"ఫుర్కాన్! నువ్వేంటయ్యా ఇక్కడ? ఏమండీ, మన ఫుర్కానండీ!" అతని రెండు భుజాలూ పట్టుకుంది. "చిక్కిపోయావు. ఎన్ని నెలలైందిరా ఫోన్ చేసి? ఇంటర్వ్యూకని చెప్పి మెల్బోర్న్ పోయినోడివి మళ్లీ అయిపూ అజా లేవు. అక్కడే ఉన్నావేమోనని ఈ మూడ్రోజులూ అడగని తెలుగోళ్లు లేరు. అక్కడ చదువుతున్న మా అమ్మాయి చైత్ర వాళ్ల యూనివర్సిటీలో కూడా అందర్నీ కనుక్కుంది. దొరికితే ఇద్దామని నీకోసం గోంగూర కూడా చేసి తెచ్చా. దార్లో ఎక్కడో..."

ఆమె చూపు అతని చేతిలోని డబ్బా మీద పడింది. నీలం మూత.

భుజాల మీది చేతులు మెల్లగా కిందికి దిగాయి. ఆమె రోడ్‌హౌస్ వైపు చూసింది, యాప్రన్ వైపు చూసింది, మళ్లీ డబ్బా వైపు చూసింది. ఆమెకి ఏమీ తెలియదని ఫుర్కాన్‌కి అప్పుడు తెలిసింది. తను ఇక్కడ ఉన్నాడని తెలిసి రాలేదు. డబ్బా కావాలని వదిలి వెళ్లలేదు. క్షమించడానికి ఆమెకి అసలు ఏం జరిగిందో తెలిస్తే కదా. తన తప్పుకి సాక్ష్యాన్ని తనే తోమి, నింపి, చేతిలో పట్టుకుని ఎదురొచ్చాడు.

"శుక్రవారం నువ్వు లోపలే ఉన్నావా?"

"వంటింట్లో ఉన్నానాంటీ. బయటికి రాలేకపోయా."

విద్యావతి రోడ్డు వైపు తిరిగింది. రామ్మోహన్ దగ్గి, "విద్యా, లేటవుతుంది" అన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

"సర్లే" అంది చివరికి. "మొహం చెల్లలేదు. ఉద్యోగం పోయినోడి బాధ నాకు మాత్రం తెలీదా? మీ అంకుల్ కూడా వచ్చిన కొత్తల్లో ఆసుపత్రిలో బల్లలు తుడిచారు. దాంట్లో సిగ్గేముందిరా పిచ్చోడా? ఏం చేశావు డబ్బాలో?"

"ఆలు వేపుడు. ఉల్లిపాయ వెయ్యలేదు."

"రండి, తిందాం. పెరుగన్నం కూడా ఉంది" అని ఆమె ముందు నడిచింది. నడిచి సరిగ్గా ఆ కిటికీ పక్క టేబుల్ దగ్గరే కూర్చుంది. భార్గవ్ గోడ మీది బోర్డు చూసి, "మమ్, నాట్ అగెయిన్, ప్లీజ్" అన్నాడు. "ఫుర్కాన్ ఉన్నాడుగా" అందామె, డబ్బా మూత తీస్తూ. ఫుర్కాన్ తల మీది వల తీసి జేబులో పెట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఎన్నో నెలల తర్వాత గుండె కాస్త తేలికపడింది. అసలు సంగతి ఆమెకి చెప్పలేదన్నది మాత్రం లోపల ముల్లులా ఉంది. తర్వాత చెబుదామనుకున్నాడు. తర్వాత అనేది ఎంత దగ్గరలో ఉందో అతనికి తెలియదు.

కౌంటర్ దగ్గర్నుంచి లీసా వచ్చింది. "ఫ్రాంక్, వాళ్లకి రూలు తెలుసుగా?"

ఫుర్కాన్ లేచి నిలబడ్డాడు. "వీళ్లు మావాళ్లు, లీసా. మై ఫ్యామిలీ."

లీసా మొహంలో నిజమైన ఆశ్చర్యం కనిపించింది. "మరి శుక్రవారం కెవిన్ అడిగితే కాదన్నావు? తెలీదన్నావుగా, నువ్వేగా నన్ను పంపమన్నది?" తర్వాత విద్యావతి వైపు తిరిగి, ఈసారి మామూలు గొంతుతో, "సారీ అండీ, నాకు తెలిసుంటే మిమ్మల్ని లేపేదాన్ని కాదు. పనివాళ్ల ఇంటివాళ్లు ఎప్పుడైనా కూర్చోవచ్చు" అంది. టీ తెస్తానని వెళ్లిపోయింది.

భార్గవ్ చెవుల్లోంచి పాటలు తీసేసి ఫుర్కాన్‌ని తేరిపార చూశాడు. రామ్మోహన్ కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఫుర్కాన్‌కి భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

"మిమ్మల్ని చూసి సిగ్గుపడి కాదాంటీ" అన్నాడు. "నన్ను చూసుకుని."

"తెలుస్తానే ఉంది" అంది విద్యావతి. కోపంగా అనలేదు, అదే కష్టంగా ఉంది. "సిగ్గు నీది. టేబుల్ దగ్గర్నుంచి లేవాల్సొచ్చింది మాకు."

బయట ఒక లారీ తన ట్రెయిలర్ వదిలి, ఎదుటిది తగిలించుకుని సిడ్నీ వైపు తిరిగింది. విద్యావతి పేపర్ ప్లేట్లు పరిచింది. భర్తకి పెరుగన్నం, వేపుడు వడ్డించింది, కొడుక్కి వడ్డించింది. ఫుర్కాన్ ప్లేటు దగ్గర గరిటె కాస్త ఆగింది. తర్వాత అతనికీ పెట్టింది. అందరికీ పెట్టినంతే, ఒక గరిటె.